ఆకు పసుపుబాఱినచో ఏమి చేయవలెను?



పెరటి మొక్కలయందును, నిమ్మ, బత్తాయి తోటలయందును ఆకులు పసుపుబాఱుచున్నవి, దీనికి మందేమి అని సభ్యులు పలుమాఱు లడుగుచున్నారు. ఈ ప్రశ్నకు ఒక్కమాటలో జవాబు చెప్పుట సాధ్యము కాదు. ఏలయన, ఆకు పసుపుబాఱుట రోగము కాదు, రోగమునకు గుర్తు. మనుష్యుని ఒడలు కాగినప్పుడు అది చలిజ్వరమో, పుండు చీము పట్టుటయో, వడదెబ్బయో విచారింపక అందఱకు ఒకే మాత్ర నిచ్చు వానిని మనము వైద్యు డనము. పసుపుబాఱిన ప్రతి చెట్టు మొదటను యూరియా చల్లుటయు అట్టి వైద్యమే.

ఇందువలన నష్టము మూడు విధములుగా వచ్చును. మొదటిది, మందునకు పెట్టిన రూకలు వ్యర్థమగును. రెండవది, సరియైన చికిత్స చేయవలసిన కాలము గడచిపోవును. మూడవది అన్నింటికన్న పెద్దది: తప్పు చికిత్స చెట్టునే చంపవచ్చును. నిమ్మమొక్క కాపునకు వచ్చుటకు మూడు నాలుగేండ్లు పట్టును. అట్టి చెట్టు చచ్చినచో పోయినది ఒక బస్తా ఎరువు వెల కాదు, నాలుగేండ్ల కష్టము. చెట్టు పోయినను, దానికై తెచ్చిన అప్పు మాత్రము సంఘపు పుస్తకములో నిలిచియే యుండును.

కావున ఈ పాఠమున చెప్పదలచినది ఒక్కటే. మందు కొనుటకు ముందు ఆకును చదువుడు. ఏ ఆకు మొదట పసుపుబాఱినది? ఆకులో ఏ భాగము పసుపుబాఱినది? తోటలో ఏయే చోట్ల పసుపుబాఱినది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరకినచో కారణము చాలవఱకు తెలియును. దీనికి పెద్ద చదువు లక్కఱలేదు. కన్నులును, ఓపికయు ఉన్న చాలును.

ఆకు ఏల పచ్చగా నుండును?

ఆకులో పత్రహరితమను పచ్చని పదార్థము కలదు. అది ఎండ సాయముతో, గాలిలోని బొగ్గుపులుసు వాయువును వేళ్లు తెచ్చిన నీటిని కలిపి చెట్టునకు ఆహారమును సిద్ధము చేయును. ఆకు చెట్టునకు వంటయిల్లు. పత్రహరితము తగ్గినచో వంట తగ్గును, వంట తగ్గినచో పూత, పిందె, కాయ అన్నియు తగ్గును.

పత్రహరితపు కట్టడములో నత్రజనియు మెగ్నీషియమును చేరియుండును. ఇనుము దానిలో చేరియుండదు గాని, ఇనుము లేనిదే చెట్టు పత్రహరితమును తయారు చేసికొనలేదు. ఇక్కడ రైతు గుర్తుంచుకొనవలసిన సంగతి యొకటి కలదు. కఱవు కాలమున తల్లి తన పాలి ముద్దను బిడ్డకు పెట్టును గదా! అట్లే నత్రజని చాలనప్పుడు ముదురాకు తనలోని నత్రజనిని చిగురునకు పంపి తాను పండిపోవును. మెగ్నీషియము, పొటాషుల విషయమును ఇట్టిదే. ఇనుము అట్టిది కాదు. ఒక ఆకులో కుదురుకొన్న పిదప అది సులభముగా కదలదు. జింకు, గంధకములును అంత తేలికగా కదలవు. కావున వాని కొఱత వచ్చినప్పుడు ముదురాకు పచ్చగానే యుండును, చిగురే పాలిపోవును.

క్రింది ముదురాకులు మొదట పసుపుబాఱినచో నత్రజని, మెగ్నీషియము, పొటాషులలో నొకటియు, పై లేతాకులు మొదట పసుపుబాఱినచో ఇనుము, జింకు, గంధకములలో నొకటియు కొఱతపడినదని అనుమానింపవలెను. ఈ ఒక్క సూత్రము తెలిసినవాడు దుకాణములో సగము మోసపోడు.

తొలుత నీటిని అనుమానింపుడు

అయినను, ఎరువుల మాట ఎత్తుటకు ముందు వేళ్లను చూడవలెను. భూమిలో ఎరువున్నను వేరు చచ్చియున్నచో దానిని తీసికొనలేదు. వేళ్లకు నీ రెంత అవసరమో గాలియు నంత అవసరము. మట్టి సందులన్నియు నీటితో నిండియుండినచో గాలికి తావుండదు, పీచువేళ్లు కుళ్లును. అప్పుడు చెట్టు నీటిలో నిలిచియే దప్పికతో వాడును. అట్టి చెట్టు ఆకులు మందకొడిగా పసుపుబాఱి, తొడిమతో సహా రాలును. దీనిని చూచి రైతు నీరు చాలలేదని మఱింత నీరు పెట్టును, లేదా బలము చాలలేదని యూరియా వేయును. రెండును కీడే.

ఒక నిమ్మతోటలో నేను చూచినది చెప్పెదను. చేను మెఱకనుండి పల్లమునకు వాలియున్నది. పల్లపు వైపు రెండు వరుసల చెట్లు మాత్రమే పసుపుబాఱినవి. ఆ రైతు అప్పటికి రెండుమాఱులు యూరియా వేసియున్నాడు. ఆకు పచ్చబడుటకు మాఱుగా రాలసాగినది. పల్లపు చెట్టు పాది అంచున జానెడు లోతు త్రవ్వి చూడగా మట్టి నల్లబడి కుళ్లు వాసన కొట్టుచుండెను. పీచువేరును వ్రేళ్లతో పట్టి లాగగా పై తోలు ఊడి చేతికి వచ్చినది, లోపల నారపోగు మిగిలినది. మెఱకనున్న చెట్టు వేరు తెల్లగా, గట్టిగా నుండెను. నేల ఒకటే, ఎరువు ఒకటే, నీరు నిలుచుటలోనే భేదము. పల్లమున మురుగుకాలువ తీయించి, ఎరువు మాన్పించి, పాదుల నాఱనిచ్చిన పిదప చాల చెట్లకు క్రొత్త చిగురు వచ్చినది. మూడు చెట్లు మాత్రము దక్కలేదు. కాలువ త్రవ్వుటకు రెండు దినముల కూలి చాలినది. మొదటనే ఆ పని చేసియుండినచో ఆ మూడు చెట్లును, యూరియా వెలయు మిగిలియుండెడివి.

కాబట్టి ఆకు పసుపుబాఱినచోట మొదటి పనిముట్టు పలుగు లేదా పార. చెట్టు నీడ అంచున జానెడు లోతు త్రవ్వి ఆ మట్టిని పిడికిట పట్టి చూడుడు. నీరు కాఱినచో తడి ఎక్కువ. పొడిపొడిగా రాలినచో తడి చాలదు. ముద్దగా నిలిచి వ్రేలితో నొక్కిన విరిగినచో సరిపోయిన తడి. నీరు ఎప్పుడును చెట్టు మొదలును తాకరాదు. మొదలుచుట్టు మట్టి ఎగదోసి చిన్న గట్టు కట్టి, దాని వెలుపల మఱొక గట్టు వేసి, రెండింటి నడుమ నీరు పాఱింపవలెను.

మొదట బెరడు పగిలి బంక కాఱుచున్నచో అది బంక తెగులు. అక్కడి కుళ్లిన బెరడును కత్తితో శుభ్రముగా గీకి బోర్డో ముద్ద పూయవలెను. దానిని ఇంటనే చేసికొనవచ్చును. 1 కిలో మైలుతుత్తమును 5 లీటర్ల నీటిలోను, 1 కిలో సున్నమును వేఱుగా 5 లీటర్ల నీటిలోను కలిపి, తుత్తపు నీటిని సున్నపు నీటిలో పోయుచు బాగుగా కలియబెట్టవలెను. మట్టికుండగాని, కొయ్యతొట్టిగాని, ప్లాస్టిక్కు బకెట్టుగాని వాడవలెను, ఇనుప పాత్ర పనికిరాదు. తోమిన కొడవలి మొనను దానిలో ముంచి చూచినప్పుడు ఎఱ్ఱని పూత పట్టినచో సున్నము చాలలేదని తెలిసికొని మఱికొంత చేర్పవలెను. చేసిన దినముననే వాడవలెను. ఈ మందు 1885లో ఫ్రాన్సు దేశపు బోర్డో ప్రాంతమున ద్రాక్షతోటల తెగులునకై వెలువడినది. నేటికిని రైతు చేతనున్న చవుకయైన మందులలో నిది యొకటి.

ముదురాకులు పసుపుబాఱినచో

నీరు సరిగా నున్నది, వేళ్లు తెల్లగా నున్నవి, అయినను క్రింది ఆకులు పసుపుబాఱినవి. అప్పుడు ఆకును కోసి వెలుతురునకు పట్టి చూడుడు.

ఆకు ఈనెలతో సహా ఒకే తీరుగా పాలిపోయి, చెట్టంతయు నీరసముగా, చిగురు సన్నముగా నున్నచో నత్రజని చాలలేదు. యూరియా వేయవలసిన చోటు ఇదే. అదియు మొదలువద్ద కుప్పగా గాక, చెట్టు నీడ అంచున చల్లి మట్టి కలిపి, తడి యున్నప్పుడు, కొంచెము కొంచెముగా పలు దఫాలు వేయవలెను. బాగుగా చివికిన పశువుల ఎరువు తోడైనచో వేసిన నత్రజని నిలుచును. పచ్చి పేడయు, చివుకని చెత్తయు వేసినచో అవి చివుకునప్పుడు భూమిలోని నత్రజనిని సూక్ష్మజీవులు తినివేయును గాన, కొన్ని వారములు చెట్టు మఱింత పాలిపోవును.

ఆకు నడుమ పసుపుబాఱి, తొడిమవైపు మాత్రము పచ్చదనము బాణపు ములికివలె నిలిచియున్నచో మెగ్నీషియము కొఱత. నిమ్మజాతి చెట్లలో, అందును కాయలు విరివిగా పట్టిన కొమ్మలయందు ఇది స్పష్టముగా కనబడును. లీటరు నీటికి 10 గ్రాముల మెగ్నీషియము సల్ఫేటు కలిపి ఆకులపై చల్లవచ్చును. పొటాషు ఎరువు మితిమీఱి వేసినచోట ఈ కొఱత పెరుగునని గుర్తుంచుకొనుడు.

ముదురాకు అంచులు మొదట పసుపుబాఱి పిదప మాడినచో పొటాషు చాలలేదనవచ్చును. కాని ఉప్పునీరు పాఱించిన తోటలయందును ఆకు అంచులు ఇట్లే మాడును. కావున బావినీటిని పరీక్షింపక పొటాషు కొనరాదు.

ఇక చెట్టు లోపలి భాగమున నీడలో నున్న ముసలి ఆకులు పదియో ఇరువదియో పండి రాలుటయు, మునగ చలికాలమున ఆకు రాల్చుటయు స్వభావసిద్ధము. పండుటాకు రాలుటకు మందు లేదు, అక్కఱయు లేదు.

చిగురాకులు పసుపుబాఱినచో

లేతాకు పసుపుబాఱి, ఈనెలు మాత్రము పచ్చని వలవలె నిలిచియున్నచో ఇనుము కొఱత. తీవ్రమైనప్పుడు చిగురు తెల్లబాఱును. సుద్దనేలలయందును, సున్నపు నేలలయందును, పాత్రలకు తెల్లని పొర పట్టించు బావినీరు పాఱు తోటలయందును ఇది మెండు. పెరటిలో నైతే గోడ కట్టినప్పుడు సున్నము, సిమెంటు రాలిపడిన చోటను, బట్టలుతికిన సోడానీరు చేరు చోటను మల్లె, మందార ఇట్లు పాలిపోవును. ఇచ్చట ఒక విచిత్రమున్నది. ఆ భూమిలో ఇనుము లేకపోలేదు, కాని సున్నము దానిని కరగనీయదు. కాబట్టి అట్టి నేలలో అన్నభేదిని మట్టిలో వేసినచో అదియు కొలది దినములలో కరగని త్రుప్పుగా మాఱి వ్యర్థమగును. దానిని ఆకుపైననే చల్లవలెను. 20 లీటర్ల పంపునకు 100 గ్రాముల అన్నభేది, 20 గ్రాముల నిమ్మ ఉప్పు చాలును. అప్పటికప్పుడు కలిపి, చల్లపూట కొట్టవలెను. నిలువయుంచి గోధుమవన్నె తిరిగిన ద్రావకము పనికిరాదు.

ఈ సంగతి క్రొత్తది కాదు. 1840వ దశాబ్దమున ఫ్రాన్సు దేశములో గ్రీ అను శాస్త్రజ్ఞుడు పాలిపోయిన ఆకులకు ఇనుప లవణపు నీటిని తగిలించి అవి పచ్చబడుటను చూపెను. ఆ పరీక్షను మీరును చేయవచ్చును. పసుపుబాఱిన చెట్టున ఒక కొమ్మకు దారము కట్టి, ఆ కొమ్మకు మాత్రమే పై ద్రావకమును చల్లుడు. ప్రక్క కొమ్మను అట్లే విడువుడు. రెండు వారములు ఓపిక పట్టి రెండింటిని పోల్చి చూడుడు. దారము కట్టిన కొమ్మ పచ్చబడినచో తోటకంతకు కొట్టుడు. పచ్చబడనిచో మీకు పోయినది గ్రాముల లెక్క అన్నభేది మాత్రమే. ఎకరమునకు మందు కొట్టి తెలిసికొనుటకన్న ఒక కొమ్మకు కొట్టి తెలిసికొనుట మేలు.

లేతాకులు చిన్నవై, సన్ననై, నిటారుగా నిలిచి, ఈనెల నడుమ పసుపు మచ్చలు పడి, కొమ్మ కొనయందు గుత్తిగా చేరినచో జింకు కొఱత. నిమ్మ, బత్తాయి తోటలకు ఇది సుపరిచితము. 20 లీటర్ల నీటికి 100 గ్రాముల జింకు సల్ఫేటు, 50 గ్రాముల సున్నము వేఱువేఱుగా కలిపి, వడగట్టి, చిగురాకు విచ్చుకొను సమయమున చల్లవలెను. ప్రతియేటను భాస్వరపు ఎరువును మితిమీఱి వేసిన తోటలలో చెట్టు జింకును తీసికొనలేదు. అచ్చట భాస్వరము తగ్గించుటయే సగము చికిత్స. వరికి వచ్చు ఖైరా అను జబ్బును చాలకాలము తెగులుగా నెంచిరి. 1966లో పంతనగర్ విశ్వవిద్యాలయమున నేనే అను శాస్త్రవేత్త అది జింకు కొఱతయే యని తేల్చెను. ఆకలిని రోగమని భ్రమించుట రైతులకే గాదు, పండితులకును కలుగును.

లేతాకు ఈనెలతో సహా ఒకే తీరుగా లేతపసుపైనచో గంధకము కొఱత కావచ్చును. జిప్సము గాని, సింగిల్ సూపర్ ఫాస్ఫేటు గాని వేయుచోట గంధకము కూడ అందును.

ఎరువుతో తీఱని పసుపు

ఆకును త్రిప్పి అడుగు చూడక ఏ నిర్ణయమును చేయరాదు. ఆకు పైభాగమున సూదిపొడుపులవంటి పసుపు చుక్కలు పడి, అడుగున సన్నని బూజువంటి గూడు కనబడినచో నల్లి. వంగ, బెండ ఆకుల అంచులు పసుపుబాఱి పైకి ముడుచుకొని, అడుగున పచ్చని పురుగులు ప్రక్కవాటుగా నడచుచున్నచో పచ్చదోమ. కదిలించినప్పుడు తెల్లని చిన్న పురుగులు లేచినచో తెల్లదోమ. వీనికి ఎరువు వేసినచో ఆకు మఱింత లేతబడి పురుగునకే విందగును.

బెండకు వచ్చు పల్లాకు తెగులును వేఱుగా చెప్పవలెను. ఇది 1924లో బొంబాయి ప్రెసిడెన్సీలో గుర్తింపబడిన వైరసు తెగులు. దీనిలో ఈనెలే పసుపుబాఱి, నడుమ ఆకు పచ్చగా నుండును. ఇనుము కొఱతకు సరిగా తలక్రిందు. పోనుపోను ఆకంతయు పసుపై, కాయ తెల్లబాఱి గిడసబాఱును. సోకిన మొక్కను బాగుచేయు మందు లోకమున లేదు. తెల్లదోమ దీనిని మొక్కనుండి మొక్కకు మోయును గాన, మొదటి రెండు మూడు మొక్కలు కనబడిననాడే పెఱికి కాల్చవలెను లేదా పూడ్చవలెను. మడిలో పసుపు జిగురు అట్టలు నిలుపవలెను. అర్క అనామిక, పర్భణి క్రాంతి మొదలగు రకములు ఈ తెగులును తట్టుకొనుటకై రూపొందింపబడినవి గాని, కాలక్రమమున కొన్నిచోట్ల వాని నిబ్బరము తగ్గినది. రకమును నమ్మి కాపలా మానరాదు.

బత్తాయి, నిమ్మలకు గ్రీనింగు తెగులు కలదు. కొఱతవలని పసుపు ఆకు నడిమి ఈనెకు రెండు ప్రక్కల ఒకే తీరుగా నుండును. గ్రీనింగు తెగులున పసుపు మచ్చలు ఒక ప్రక్క ఒకతీరు, రెండవ ప్రక్క మఱొకతీరు ఉండును. తొలుత చెట్టున ఒక కొమ్మయే పసుపుబాఱుటయు దీని గుర్తు. దీనిని మోయునది సిల్లా అను చిన్న పురుగు. ఇట్టి అనుమానము కలిగినచో మందులు కొట్టుచు కాలము గడపక వెంటనే ఉద్యానశాఖవారికి చూపవలెను. అట్టి చెట్టునుండి అంటుకొమ్మ తీయరాదు.

మఱొక మాట. కలుపుమందు కొట్టిన పంపును సరిగా కడుగక అదే పంపుతో చెట్లకు మందు కొట్టినను చిగురు పసుపుబాఱి వంకరలు పోవును. వీలైనచో కలుపుమందునకు వేఱు పంపు ఉంచుకొనుట మంచిది.

సంఘము చేయదగిన పని

ఒక్కని వలన కానిది పదిమంది వలన అగును. తెల్లదోమకు గట్టు తెలియదు. ఒకడు తెగులు మొక్కలను పెఱికి, ప్రక్కవాడు ఉంచినచో శ్రమ వ్యర్థము. గ్రామమున బెండ వేసినవారందఱు ఒక దినము నిర్ణయించుకొని మళ్లను చూడవలెను. మైలుతుత్తము, అన్నభేది, జింకు సల్ఫేటు సంఘము ద్వారా ఒక్కమాఱుగా తెప్పించుకొని కావలసినంత తూచి పంచుకొన్నచో, గ్రాములలో కావలసిన వస్తువునకు కిలోలు కొనవలసిన అవస్థ తప్పును.

భూసార పరీక్షయు నిట్లే. 2015లో ప్రారంభమైన భూసార ఆరోగ్యపత్ర పథకమున అనేకులకు పత్రములు అందినవి. పత్రమును పెట్టెలో దాచుట కాదు, చూచి ఎరువు వేయుటయే ప్రయోజనము. మట్టిని తీయునప్పుడు ఒకే చోట గాక తోటలో పదిచోట్ల తీసి కలిపి, అందుండి అరకిలో పంపవలెను. పసుపుబాఱిన చోటి మట్టిని, బాగున్న చోటి మట్టిని మాత్రము వేఱువేఱుగా పంపవలెను. ఆ రెండింటి భేదములోనే జవాబు దాగియుండును. పండ్లచెట్ల వేళ్లు లోతునకు పోవును గనుక పైమట్టితో పాటు అడుగు మట్టినికూడ తీయవలెను.

సభ్యులు ఈ వరుసను జ్ఞాపకముంచుకొందురుగాక. మొదట త్రవ్వి వేరును చూడుడు. పిదప ముదురాకో లేతాకో తేల్చుడు. పిదప ఈనెను చూడుడు. పిదప ఆకు అడుగు చూడుడు. పిదప ఒక కొమ్మపై పరీక్షింపుడు. ఇవన్నియు అయిన పిమ్మటనే దుకాణమునకు పొండు. సంఘ సమావేశమునకు వచ్చునప్పుడు పసుపుబాఱిన చెట్టునుండి ఒక ముదురాకును, ఒక చిగురాకును, కొన్ని పీచువేళ్లను తడిగుడ్డలో చుట్టి తెచ్చినచో అందఱము కలిసి చూచి నిర్ణయింపవచ్చును. ఒక్కొక్కరి చెట్టు పదిమందికి పాఠమగును.